ఎన్నో బార దగ్గర ఆగింది?

"నీళ్ళకీ నాకూ పడదు" అని దాదాపు ముప్పై ఏళ్ళపాటు కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగాను. చిన్నప్పుడు వరసకి అన్న అయ్యే కుర్రాడొకడు సరదాకని వెనకనుంచి నీళ్ళలోకి తోశాడు. రెండు గుక్కలు మింగాను, ముక్కు మండిపోయింది, ఎవరో రెక్క పట్టుకుని బయటికి లాగారు. మొత్తం కలిపితే అర నిమిషం కూడా ఉండదు. ముప్పై ఏళ్ళకి సరిపడా సాకు మాత్రం దొరికింది.

నడుం నొప్పి ఎక్కువై, ఈత మొదలుపెట్టమని డాక్టర్ గట్టిగా చెబితే 37వ ఏట స్విమ్మింగ్ పూల్ మెట్లు దిగాను. మొదటి బ్యాచ్ మధ్యలో మానేశాను. రెండోదీ అంతే. మూడోసారి చేరేసరికి కోచ్ మారాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో, మాట తక్కువ. బ్యాచ్‌లో పదిమందిమి. తొమ్మిది మంది పిల్లలు, పదోవాణ్ణి నేను.

నాలుగో రోజు అలవాటు ప్రకారం కొంత దూరం వెళ్ళి, ఊపిరాడక, కాళ్ళు కిందికి దించి నిలబడిపోయాను. "నా వల్ల కాదు బాబూ, నాకిది రాదు" అన్నాను. ధైర్యం చెబుతాడనుకున్నాను. "మీరు చెయ్యగలరు సార్" అంటాడని, దానికి నా దగ్గర జవాబు కూడా సిద్ధంగా ఉంది. అతను గట్టు మీద గొంతుక్కూర్చుని, "ఎన్నో బార దగ్గర ఆగారు సార్?" అని అడిగాడు.

నాకు తెలియదు. అసలు లెక్కపెట్టాలని తట్టలేదు. "మళ్ళీ వెళ్ళండి, లెక్కపెట్టండి" అన్నాడు. వెళ్ళాను. ఏడు. మళ్ళీ వెళ్ళాను. ఏడే. మూడోసారి పంతం పట్టి వెళితే ఎనిమిది. అతను తల ఊపి, "ఏడు దాకా వస్తోంది కదా. మరి ఏడు దగ్గర ఏం జరుగుతోంది?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు రెండు రోజుల్లో దొరికింది. నేను ముఖం నీళ్ళలో పెట్టినంతసేపూ ఊపిరి బిగబట్టుకుంటున్నాను. తల పక్కకి తిప్పిన ఆ అరక్షణంలో, లోపలున్న గాలి వదలడమూ కొత్త గాలి పీల్చడమూ రెండూ చెయ్యాలని చూస్తున్నాను. అంత టైం ఉండదు. పాతగాలి సగం లోపలే ఉండిపోతుంది, దాని మీద కొంచెం కొత్తగాలి. అలా నాలుగైదు సార్లు అయ్యేసరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. మనకి 'ఊపిరాడటం లేదు' అనిపించేది ప్రధానంగా అది పెరిగినందుకే, ఆక్సిజన్ అయిపోయినందుకు కాదు. అంటే ఏడో బార దగ్గర నేను మునిగిపోతున్నదేమీ లేదు. గాలి వదలడం మర్చిపోయాను, అంతే.

తర్వాత వారం రోజులు ఈతే లేదు. గోడకున్న కడ్డీ పట్టుకుని, ముఖం నీళ్ళలో పెట్టి, ముక్కుతో బుడగలు వదలడం. పక్కన ఆరేళ్ళ పిల్ల ఒకతి నన్ను చూసి పడీ పడీ నవ్వేది. రెండో వారానికి బారలు పన్నెండయ్యాయి. పన్నెండు దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి ఊపిరి కాదు, కాళ్ళు. ఎంత దూరం వచ్చానో చూద్దామని తల పైకెత్తుతున్నాను. తల లేస్తే నడుమూ కాళ్ళూ కిందికి జారతాయి. మళ్ళీ ఇంకో వారం, అడుగున పరిచిన పలకల్ని చూస్తూ ఈదడం. ఇరవై అయిదు మీటర్లు ఆ నెలాఖరుకి దాటాను. పెద్ద ఘనకార్యం ఏమీ కాదు, ఆరేళ్ళ పిల్ల అప్పటికి మూడుసార్లు దాటేసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆలోచన మార్చుకుంటే జీవితం మారుతుందనే మాటని నేను చాలాకాలం అసహ్యించుకున్నాను. ఇప్పుడు నమ్ముతున్నాను. కానీ ఆ మాట అమ్ముకునేవాళ్ళు చెప్పే అర్థంలో నమ్మడం లేదు. 'నా వల్ల కాదు' తీసేసి దాని చోట 'నా వల్ల అవుతుంది' అని పెట్టుకోమంటారు వాళ్ళు. నా అనుభవంలో ఆ రెండూ ఒకే జాతి వాక్యాలు. రెండూ తీర్పులే. రెండింటిలోనూ తెలుసుకోవడానికి ఏమీ మిగలదు. ఆ రోజు కోచ్ నాకు మంచి తీర్పు ఇవ్వలేదు, తీర్పు ఉన్న చోట ఒక ప్రశ్న పెట్టాడు. ఆలోచన మారడం అంటే అదీ. మిగతాదంతా గొంతు పెంచడం.

గొంతు పెంచడం నేనూ చేశాను, అందుకే చెబుతున్నాను. ఒక రెండేళ్ళు రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను ఆత్మవిశ్వాసం గలవాణ్ణి" అని పదిసార్లు చెప్పుకునేవాణ్ణి. అద్దంలోవాడు నమ్మినట్టు ఒక్కరోజూ కనబడలేదు. చెప్పే కొద్దీ లోపల ఇంకో గొంతు లేచేది: "నిజంగానా? మొన్న మీటింగ్‌లో ఏమైందో గుర్తుందా?" నాకే ఏదో లోపం ఉందనుకున్నాను. చాలా తర్వాత తెలిసింది, ఇది చాలామందికి జరిగేదేనని. కెనడాలో జొయాన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. గంట మోగినప్పుడల్లా 'నేను ప్రేమకి తగిన మనిషిని' అని మనసులో అనుకోమన్నారు. తమ మీద తమకి ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి కాస్త మేలు జరిగింది. ఎవరికైతే ఆ మాట నిజంగా అవసరమో, తమని తాము తక్కువగా చూసుకునేవాళ్ళు, వాళ్ళ మనసు మరింత కుంగింది. నమ్మలేని మాటని పదేపదే చెప్పించుకుంటే మనసు ఊరుకోదు, ఎదురు సాక్ష్యాలు వెతికి తెచ్చి ముందు పెడుతుంది.

కళ్ళు మూసుకుని గెలుపుని ఊహించుకోవడం సంగతీ ఇంతే. గాబ్రియేలె ఓటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని దశాబ్దాలు దీని మీదే పనిచేసింది. చదువు పూర్తి చేసి ఉద్యోగాల వేటలో ఉన్న యువతని ఆమె, డోరిస్ మేయర్ కలిసి గమనించి 2002లో రాశారు. ఉద్యోగం వచ్చేసినట్టు తీపి ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్ళు రెండేళ్ళ తర్వాత చూస్తే తక్కువ దరఖాస్తులు పెట్టారు, తక్కువ ఆఫర్లు తెచ్చుకున్నారు, తక్కువ జీతానికి చేరారు. ఇందులో మెలిక ఏమిటంటే, 'నాకు ఉద్యోగం వస్తుంది' అని అంచనా వేసుకున్నవాళ్ళకి మాత్రం ఫలితం బాగుంది. అంచనాకి వెనక గతంలో చేసిన పని ఉంటుంది. ఊహకి ఏమీ అక్కర్లేదు. 2011లో ఆమే ఇంకొకరితో కలిసి చేసిన ప్రయోగాల్లో, అంతా అయిపోయినట్టు తీయగా ఊహించుకున్నవాళ్ళ రక్తపోటు కొలిస్తే అది తగ్గింది. ఒళ్ళు విశ్రాంతిలోకి జారిపోయింది! పని అయిపోయిందనుకున్న శరీరం ఎందుకు లేస్తుంది? పండగ ముందే చేసేసుకున్నాక.

మరి తీర్పుని ప్రశ్నగా మార్చడం అనేది నా కోచ్ కనిపెట్టిందేమీ కాదు. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960లలో తన రోగుల దగ్గర ఒకటి గమనించాడు. పైకి చెప్పే మాటల కింద వాళ్ళకి తెలియకుండానే ఇంకో ప్రవాహం సాగుతూ ఉంటుంది. 'ఈయనకి నా మాటలు విసుగ్గా ఉన్నాయి', 'నేనెందుకూ పనికిరాను' లాంటివి. అవి ఆలోచనల్లా తోచవు, కళ్ళ ముందున్న నిజాల్లా తోస్తాయి. ఆయన చికిత్సలో నాకు నచ్చింది ఒకటే: వాటి చోట మంచి ఆలోచనలు అతికించమని ఆయన చెప్పలేదు. ఆ ఆలోచనని ఒక ఊహాప్రతిపాదనగా తీసుకుని, నిజమో కాదో బయటికి వెళ్ళి చూసి రమ్మన్నాడు. ఎవరూ నాతో మాట్లాడరు అనేవాడికి, ఈ వారం ముగ్గురిని పలకరించి ఏం జరిగిందో రాసుకు రమ్మని పని ఇవ్వడం అన్నమాట. ముగ్గురిలో ఒకరు ముఖం తిప్పుకోవచ్చు. అదీ సమాచారమే.

ఇంకొక సంగతి నన్ను మరీ కదిలించింది. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కల మీద చేసిన ప్రయోగాలు (నాకు వాటి గురించి చదవడమే కష్టం) చాలా ప్రసిద్ధి. తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాక్‌లు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగిన చోట పెట్టినా, దూకకుండా పడుకుండిపోయాయి. నిస్సహాయతని 'నేర్చుకున్నాయి' అన్నారు. దాదాపు యాభై ఏళ్ళు అందరూ అదే చెప్పుకున్నారు. 2016లో అదే ఇద్దరూ, మెదడు మీద వచ్చిన కొత్త పరిశోధనని చూసి, మేం తలకిందులుగా అర్థం చేసుకున్నామని రాశారు. చాలాసేపు కష్టం తగిలినప్పుడు చతికిలబడిపోవడం పుట్టుకతో వచ్చే స్పందన. అది నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవలసింది, నా చేతిలోనూ ఒకటుంది అనే సంగతి.

నాకు ఆ నీళ్ళలో జరిగింది సరిగ్గా అదే అనిపిస్తుంది. 'నాకు ఈత వస్తుంది' అనే నమ్మకం ముందు రాలేదు. ముందు వచ్చింది బుడగలు. బుడగలు వదిలితే తొమ్మిదో బార వచ్చింది. తొమ్మిదో బార వచ్చాక, నీళ్ళకీ నాకూ పడదనే వాక్యం ఎందుకో కాస్త వెలితిగా వినబడింది. ఆలోచన మారి పని మారిందా, పని మారి ఆలోచన మారిందా అని అడిగితే, ముందు మారింది ఒక చిన్న ప్రశ్న, తర్వాత గాలి వదిలే పద్ధతి, ఆ తర్వాత ఎప్పటికో ఆలోచన. వ్యక్తిత్వ వికాస పుస్తకాల వాళ్ళు ఈ వరసని తిరగేసి చెబుతారు.

ఇక ఆఫీసు సంగతి. అసలు 'విజయం' అనదగ్గది ఏదైనా ఉంటే అక్కడే జరిగింది. ప్రమోషన్ ఇంటర్వ్యూలో రెండేళ్ళు వరసగా పోయాను. అందులో ముందు పదిహేను నిమిషాలు మన పని గురించి ప్రెజెంటేషన్ ఇవ్వాలి. రెండుసార్లూ మధ్యలో తడబడి, చెమటలు పట్టి, ఏదో ముగించి బయటపడ్డాను. నాకు మాట్లాడటం రాదని తేల్చేసుకున్నాను. మొదటిసారి పోయినప్పుడైతే ప్యానెల్‌లో ఒకాయన మీద కూడా నెపం పెట్టాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఈత తర్వాత, ఆ రెండు ప్రెజెంటేషన్లనీ కాగితం మీద పెట్టి కూర్చున్నాను. ఎన్నో బార దగ్గర? మొదటి స్లయిడ్ బాగానే చెప్పాను. రెండోదీ బాగానే. ఆగింది, రెండుసార్లూ, ఎవరో మధ్యలో ప్రశ్న వేసిన దగ్గర. అదీ మొదటి ప్రశ్న దగ్గరే. జవాబు తెలియక కాదు, జవాబు చెప్పాను కూడా. జవాబు చెప్పాక వెనక్కి రావడానికి దారి లేకపోయింది, ఎందుకంటే మొత్తం పదిహేను నిమిషాలూ ఎక్కాల్లా బట్టీ పట్టాను. ఎక్కాన్ని మధ్యలో ఆపి మళ్ళీ చెప్పమంటే మొదట్నుంచి అందుకోవాల్సిందే కదా.

అంటే నాకు రానిది మాట్లాడటం కాదు. బట్టీని వదలడం. ఇందులో ఉన్న ఊరట మాటల్లో చెప్పలేను. 'మాట్లాడటం రాదు' అనే జబ్బుకి మందు లేదు. బట్టీకి ఉంది. పక్క సీటు సహోద్యోగిని బతిమాలి, రోజూ లంచ్ అయ్యాక పది నిమిషాలు నేను చెబుతుంటే ఎక్కడపడితే అక్కడ అడ్డుపడమన్నాను. ఆయన ఆ పనిని మరీ ఆనందంగా చేశాడు. స్లయిడ్‌కి ఒక్క మాట చొప్పున చిన్న కార్డు మీద రాసుకున్నాను. దానికి తోడు ఒక నియమం: ఎవరైనా ప్రశ్న వేస్తే, జవాబు అయిపోగానే కార్డు వైపు చూసి ఆ స్లయిడ్ పేరు పైకి చదవాలి. అంతే, ఇంకేం ఆలోచించకూడదు.

'ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను' అని ముందే ముడివేసి పెట్టుకునే ఈ పద్ధతి మీద పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి పనిచేశాడని తర్వాత చదివాను. సెలవుల్లో ఒక రిపోర్టు రాసి పంపమని విద్యార్థులకి చెప్పి, కొందరిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నాడు. అలా నిర్ణయించుకోనివాళ్ళతో పోలిస్తే, నిర్ణయించుకున్నవాళ్ళలో రెట్టింపుకి పైగా పూర్తి చేశారు. 2006లో పాస్కల్ షీరన్‌తో కలిసి 94 అధ్యయనాలని ఒకచోట చేర్చి చూస్తే కూడా ఈ పద్ధతి గట్టిగానే నిలబడింది. విడ్డూరమేమిటంటే, ఇందులో సంకల్పబలం గురించి ఒక్క మాటా ఉండదు. టెన్షన్‌లో ఉన్న మనిషి దగ్గర ఆలోచించే ఓపిక ఉండదు కాబట్టి, ఆలోచన ముందే చేసి పెట్టుకోమనడం.

మూడో ఏడు ప్రమోషన్ వచ్చింది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నాకంటే బాగా పనిచేసే ఒకావిడ ఆ ఏడాది వేరే చోటికి బదిలీ అయి పోటీలో లేరు. ఆమె ఉండి ఉంటే నాకు వచ్చేదా? బహుశా రాదు. ప్రెజెంటేషన్ మాత్రం తడబడలేదు. అందులో ఎంత నాది, ఎంత అదృష్టానిది అని పంచడం నాకు చేతకాదు. ఇలాంటి కథలు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఆ బదిలీ సంగతి ఎత్తరు.

దాంతోనే నాకు కోపం తెప్పించే విషయానికి వస్తాను. అంతా మన ఆలోచనలోనే ఉందనే మాట. నా స్నేహితుడొకడు పనిచేసే కంపెనీలో ఒకే రోజు వందల మందిని తీసేశారు. వెళ్ళేముందు వాళ్ళందరినీ కూర్చోబెట్టి పాజిటివ్ థింకింగ్ మీద గంటన్నర క్లాసు పీకించారట. తీసేసింది వాళ్ళు, సరిచేసుకోవాల్సిన బుర్ర ఇతనిది. బయటి కారణాన్ని తెచ్చి మనిషి తల లోపల పాతేసే విద్య ఇది. పైగా గెలిస్తే వాళ్ళ క్లాసు గొప్ప, ఓడితే మీరు సరిగ్గా ఆలోచించలేదు.

'ఎన్నో బార దగ్గర' అనే ప్రశ్నకి ఈ జబ్బు లేదు. నిజాయితీగా అడిగితే, జవాబు కొన్నిసార్లు నాలో ఉండదు. పూల్‌లో నీళ్ళే లేకపోతే బారలు లెక్కపెట్టి ఏం లాభం? నా స్నేహితుడు కాగితం మీద పెట్టి చూసుకుంటే, అతని పని ఆగింది కంపెనీ మొత్తంగా ఆ విభాగాన్ని మూసేసిన దగ్గర. అందులో అతను దిద్దుకోవాల్సింది ఏమీ లేదు. ఆ సంగతి తెలియడం అతనికి పాజిటివ్ క్లాసు కంటే ఎక్కువ పనికొచ్చింది. రెండు నెలలుగా తనని తాను తిట్టుకుంటున్నవాడు, అది ఆపి దరఖాస్తులు పెట్టాడు.

పరిశోధన చేసేవాళ్ళు కూడా ఈ విషయంలో ఇప్పుడు ఆచితూచి మాట్లాడుతున్నారు. తెలివి పెంచుకోవచ్చని నమ్మేవాళ్ళు కష్టాన్ని వేరేగా చూస్తారని చెప్పిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కారల్ డ్వెక్ ఆలోచన ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో 12 వేల మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లల మీద దాన్ని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం గంట కూడా పట్టని ఆన్‌లైన్ పాఠం అది. చదువులో వెనకబడిన పిల్లల గ్రేడు సగటు 4 పాయింట్ల కొలతలో సుమారు 0.1 పెరిగింది. చాలా చిన్నది. గంటలోపు పాఠానికి అంత రావడమే గొప్ప అని కూడా అనొచ్చు, నేనైతే అలాగే అంటాను. కానీ ఆ పెరుగుదల అన్ని బడుల్లోనూ ఒకేలా లేదు. కష్టమైన లెక్కకి పూనుకోవడాన్ని తోటిపిల్లలు మెచ్చుకునే బడుల్లో ఎక్కువ, ఆ వాతావరణం లేని చోట తక్కువ. తలలో విత్తనం ఒక్కటే చాలదన్నమాట, చుట్టూ నేల కూడా ఉండాలి.

ఇంట్లో మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. దాన్ని "నువ్వు మహా తెలివైనదానివే" అని మెచ్చుకోవడం నాకు బాగా అలవాటు. డ్వెక్, క్లాడియా ముల్లర్ 1998లో చేసిన ప్రయోగం గురించి చదివాక నాలుక కరుచుకున్నాను. తెలివిని పొగిడించుకున్న పిల్లలు, కష్టమైన పజిల్స్‌లో తప్పాక, తమ మార్కుల్ని వేరే పిల్లలకి రాసి చెప్పమంటే సుమారు 40 శాతం మంది ఎక్కువ చేసి చెప్పారు. శ్రమని మెచ్చుకున్న పిల్లల్లో అలా చేసినవాళ్ళు చాలా తక్కువ. పొగడ్త కూడా తీర్పే కదా, ఆ తీర్పుని కాపాడుకోవడానికి అబద్ధం కావాల్సి వచ్చింది. మొన్న అది లెక్కల పుస్తకం విసిరేసి "నాకు రావు నాన్నా" అంటే, నేను పెద్ద కోచ్‌లా పక్కన కూర్చుని "ఎక్కడ ఆగిందమ్మా?" అన్నాను. "మొదటి అక్షరం దగ్గరే" అంది ముఖం మాడ్చుకుని. ఈ ప్రశ్న అడిగే సమయం కూడా ఒకటుంటుందని అప్పుడు తెలిసింది. అరగంట తర్వాత తనే వచ్చి నాలుగో వరస మీద వేలు పెట్టింది. అక్కడ ఒక మైనస్ గుర్తు మాయమైంది.

ఇదే ప్రశ్న ఒకసారి నన్ను వెనక్కి కూడా పంపింది. కోడింగ్ నేర్చుకుందామని మూడుసార్లు చేరి మూడుసార్లు మానేశాక ఇలాగే రాసుకుని చూస్తే, మూడుసార్లూ ఆగింది వేర్వేరు చోట్ల. అసలు కారణం, నాకది ఇష్టం లేదు. పక్కవాళ్ళు నేర్చుకుంటున్నారని చేరాను. హాయిగా మానేశాను, ఈసారి తిట్టుకోకుండా.

పూల్‌కి ఇప్పటికీ వెళుతున్నాను. ఆ కోచ్ వేరే చోటికి వెళ్ళిపోయాడు. తక్కువ లోతు వైపు ఎన్నిసార్లయినా తిరగగలను. అటు చివర అడుగున ఒక నల్లటి గీత ఉంటుంది, అక్కణ్ణుంచి లోతు. సరిగ్గా ఆ గీత కనబడగానే బారల లెక్క తప్పుతుంది, చేతులు గబగబా కొట్టుకుంటాయి, తాడు పట్టుకుంటాను. ఊపిరి బాగానే ఉంటుంది. కాళ్ళు పైనే ఉంటాయి. నిన్న గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాను, గీతకి ముందు నా కళ్ళు ఎటు చూస్తున్నాయో, చేతులు ఎప్పుడు తొందరపడుతున్నాయో. ఇంకా దొరకలేదు. రేపు పొద్దున్న ఆరింటికి మళ్ళీ బ్యాచ్ ఉంది. గీతకి మూడు బారల ముందు నుంచి పైకి వినబడేలా లెక్కపెడదామని అనుకుంటున్నాను, నీళ్ళలో అది ఎలా కుదురుతుందో చూడాలి.